కథలో చంపేసిన మనిషి

పలాసలో దిగాను.
నాకిక్కడ ఇల్లు లేదు.
నాన్న పాయింట్స్‌మేన్. ఇల్లంటే
రైల్వేవాళ్ళు రాసిచ్చిన ఒక నంబరు,
బదిలీ కాగితం రాగానే తిరిగిచ్చేసేది.
ఆ నంబరు కోర్టరు కూలిపోలేదు,
పడగొట్టారు. రెండింటికీ తేడా ఉంది.

వాసనని మాత్రం ఎవరూ పడగొట్టలేదు.
జీడిపిక్క కాలిన వాసన,
తీపీ కాదు చేదూ కాదు, గొంతు వెనక గీరేది,
కాశీబుగ్గ దాకా తోడొచ్చింది.
తిత్లీ ఊడబెరికిన తోటల్లో
మళ్ళీ నాటినవి
తలెత్తి చూసేంత పెరిగాయి.

టీకొట్టు దుర్యోధన
(మా వైపు ఆ పేరు పెట్టుకోడానికి ఎవరూ భయపడరు)
గ్లాసు కడుగుతూ కడుగుతూ ఆగి
"కోర్టర్ల పాపవి కాదేటి?
ఇంజను కూతకి సెవులు మూసుకునీదానివి" అన్నాడు.
నా ఐదు పుస్తకాల వెనక అట్టల మీద
నా గురించి ఇంత సరిగ్గా ఎవరూ రాయలేదు.

డబ్బులు తీసుకోలేదు. ఒక్క మాట చెప్పాడు:
"దమయంతికి నీ మీద కోపంగుంది.
ఎల్లి అగుపడు."

దమయంతి!
నాకు కాళ్ళాడలేదు.
పద్నాలుగేళ్ళ కిందటి నా కథలో
ఆమె వేళ్ళు జీడిరసానికి కాలి,
దగ్గు ముదిరి,
వానాకాలం మధ్యలో చచ్చిపోతుంది.
ఆ చావుకి నాకు శాలువా కప్పారు.
ముందు వరసలో ఎవరో కళ్ళు తుడుచుకున్నారు కూడా.

వీధరుగు మీద చేటలో పప్పు ఏరుతోంది.
గుండు ఒక పక్క, బద్ద ఒక పక్క, నూక ఒళ్ళో.
తలెత్తలేదు.

"నన్ను సంపీసినావట.
మా మనవరాలు సదివి యినిపించింది.
మా ఆయన రెండు పూటలు అన్నం తిన్లేదు.
నాను తిన్నాను.
సచ్చిపోతే మాత్రం ఆకలెయ్యదేటి?"

నేనేదో అన్నాను.
కథకి ముగింపు కావలసొచ్చిందనో
ఆ దమయంతి నువ్వు కాదనో.
చెయ్యి ఆపకుండానే అంది:
"సంపితే సంపినావులే.
కాలిన సేతులు రాసినావు, దగ్గు రాసినావు,
నాను సేసిన దొంగతనం రాయలేదేటి?"

సాయంత్రం. ఫ్యాక్టరీ గేటు.
ఆడాళ్ళని వరసలో నిలబెట్టి
కొంగు దులిపించి, ముడి విప్పించి
ఒక్కొక్కరినే వదిలేవారు.
అందరూ తిట్టుకుంటూ దాటేవారు,
ఆమె మాత్రం మూగదానిలా దాటేది.
రైలుకట్ట మలుపు తిరిగాక
దవడలోంచి తీసి, కుచ్చెళ్ళకి తుడిచి
నా అరచేతిలో పెట్టేది:
ఒక్క గుండు పప్పు.
ఇంకా వెచ్చగా ఉండేది.

అది రాయలేదు.
రాసి, కొట్టేశాను.
పేదరాలి చేతులు శుభ్రంగా ఉండాలి,
చదివేవాళ్ళ జాలికి ఏదీ అడ్డు రాకూడదు.
గుండు ఏరుకుని
ముక్క పారబోశాను.

"అంత బతుకులో
నాను ఇష్టంగ సేసిన పని అదొక్కటే.
అదే తీసీసినావు."

తర్వాత నాకూ ఒక చేట ఇచ్చింది.
గోరు విరిగింది. పదిట్లో ఎనిమిది బద్దలే వచ్చాయి.
చూసి నవ్వింది, దగ్గు రాలేదు.
రేషను మిషను ఆమె బొటనవేలిని
ఇప్పటికీ గుర్తుపట్టదట. గీతలన్నీ అరిగిపోయాయి.
"దానికన్నా నువ్వు నయం" అంది,
"గుర్తెట్టుకుని సంపినావు."

రాత్రి బండికి లేచాను.
గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టింది.
"ఆగు. తనికీ."

సంచి దులిపింది. నోటుబుక్కు తెరిచి
నా రాత మీద ఆ నున్నటి బొటనవేలు ఆనించి
"ఇక్కడైనా పడతాదేటి?" అంది.
మనవరాలు కిసుక్కుమంది.

"ఏటి దాసుకు పోతన్నావు? నోరిప్పు."

దవడలో పప్పుంది.
నోరిప్పితే దొరికిపోతాను.